సంచి తల్లిగారిల్లు ఎక్కడ?

బడిలో ఒకసారి బెల్జియం ఎక్కడుందని సారు అడిగితే, బెల్గాం దాటాక వస్తుందని చెప్పాను. ఆయన బెత్తంతో నా వీపు మీద ప్రపంచ పటం గీశాడు. ఎనిమిదో తరగతితో నా చదువు ఆగిపోవడానికి ఆ ఒక్క జవాబే కారణం కాదు గానీ, అది చాలా సాయం చేసింది. తర్వాత అదే బెల్జియానికి నా చేతుల మీదుగా ఎన్ని పెట్టెలు వెళ్లాయో నాకే గుర్తు లేదు. దేశదేశాలకు సరుకు పంపినవాడినని మా బస్తీలో నాకు పేరు. నేను స్వయంగా దాటిన పెద్ద సరిహద్దు మాత్రం చాదర్‌ఘాట్ దగ్గర మూసీ. అది కూడా బస్సులో, నిలబడి.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం నాలుగు మాటలు రాయమని పాత ఆఫీసువాళ్లు అడిగారు. రాస్తున్నాను. ఏ ఏడు ఏ కుర్చీలో కూర్చున్నానో మాత్రం రాయను. మా ఆఫీసులో కుర్చీలన్నీ కుంటివే.

ఈ పని ఏమిటంటే

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, మేడ మీద ఉండేది మా క్లియరింగ్ ఏజెంటు ఆఫీసు. మన ఊరి వ్యాపారి పరాయి దేశానికి సరుకు పంపాలంటే, అదేమిటో, ఎక్కడిదో, ఎంత విలువైనదో కస్టమ్స్‌వాళ్లకు చెప్పి ఓడలోకో విమానంలోకో ఎక్కించాలి. ఆ చెప్పే పని మాది.

కంప్యూటర్ ముందు కూర్చుని గళ్లు నింపితే అయిపోతుందని ఇప్పటి పిల్లలు అనుకుంటారు. గళ్లు ఎవరైనా నింపుతారు. అసలు కష్టం ఎక్కడంటే, తన సరుకు ఏమిటో చాలాసార్లు దాని యజమానికే సరిగ్గా తెలియదు. ఆ సంగతి ఆయన మనసు నొచ్చుకోకుండా చెప్పి, నిజం రాబట్టాలి. డిగ్రీ ఉంటే మంచిదే. నవ్వించడం వస్తే ఇంకా మంచిది. నవ్వుతున్న మనిషి నోట్లోంచి నిజం తొందరగా జారుతుంది.

దేవుడి పేరు పెట్టిన పెట్టె

మా యజమాని గోవింద్‌దాస్ సేఠ్. వాళ్లది బేగం బజార్‌లో తాతల నాటి కిరాణా టోకు వ్యాపారం. ఆయన ఒక్కడే దారి మార్చి ఈ ఆఫీసు పెట్టుకున్నాడు. ఇన్వాయిస్ చదవక ముందే పెట్టె తెరిపించేవాడు. లోపలున్నది నలిపి చూసేవాడు, వాసన పట్టేవాడు. ఆ తర్వాతే కళ్లద్దాలు.

నేను చేరిన కొత్తలో బేగం బజార్ నుంచి ఒకాయన, విమానంలో పంపాలంటూ పెట్టెలు తెచ్చాడు. పైన 'పూజా సామాను' అని రాసి ఉంది.

"లోపల ఏమున్నయ్?" అన్నాడు సేఠ్.

"పూజ సామానే సేఠ్. దేవునిది."

"దేవునికి వెయ్యి పేర్లుంటయ్. మాల్‌కు ఒక్కటే పేరుండాలె. చెప్పు."

కుంకుమ, పసుపు, ఒత్తులు, అగరుబత్తులు అని వరసగా చెప్పుకొచ్చి, ఆఖర్న గొంతు తగ్గించి "జరంత కప్పురం" అన్నాడు. కర్పూరం ఇట్టే అంటుకునే వస్తువు. దాన్ని మామూలు సరుకులో కలిపి విమానం ఎక్కించకూడదు.

"దేవుని కప్పురం గద సేఠ్, ఏం గాదు."

నేను ఊరుకోలేకపోయాను. "అన్నా, ఇంట్ల ముట్టిస్తె దేవుడు మనకు కనవడ్తడు. విమానంల ముట్టుకున్నదంటె మనమే పోయి ఆయనకు కనవడ్తం" అన్నాను.

ఆయన పకపకా నవ్వి కర్పూరం పొట్లాలన్నీ బయటికి తీశాడు. సేఠ్ నవ్వలేదు. "నర్సింగ్, రేపటి సంది నువ్వు గిరాకీల దగ్గర కూసో" అన్నాడు. నా జీవితంలో నేను ఇచ్చిన ఇంటర్వ్యూ అదొక్కటే.

సేఠ్ గొప్పతనం చెప్పాను కాబట్టి లోపం కూడా చెప్పాలి. చేత్తో ముట్టుకోగలిగిన ప్రతిదాన్నీ ఆయన అనుమానించేవాడు. అచ్చులో కనబడితే మాత్రం నమ్మేసేవాడు. పేపర్లో పడిందంటే ఆయన దృష్టిలో అది జరిగిపోయినట్టే. ఈ గుణం సులోచన విషయంలో మా అందరినీ ముంచింది.

లండన్‌కు, బెల్జియం మీదుగా

సులోచనది నల్గొండ వైపు ఒక పల్లె. భర్త మగ్గం మీద ఇక్కత్ నేసేవాడు. ఆయనకు చూపు మందగించి మగ్గం ఆగిపోయాక ఇద్దరూ హైదరాబాద్ వచ్చారు. నాంపల్లి స్టేషన్ వెనక ఒక టైలరు దగ్గర ఆమె రోజుకూలికి కుట్టింది. పని పట్టుబడ్డాక అక్కడే ఒక హాలు కిరాయికి తీసుకుని, సొంతంగా మిషన్లు పెట్టింది. తమ ఊరి మగ్గాల నుంచి ఇక్కత్ బట్ట తెప్పించి, భుజానికి వేసుకునే సంచులు కుట్టించేది. పనికి వచ్చేది చుట్టుపక్కల బస్తీల ఆడవాళ్లు. కొందరు ఇంటి అద్దె కట్టేది ఆ హాల్లో వచ్చే కూలితోనే.

ఆ సంచులన్నీ కొనేవాడు ఒక్కడే: బెల్జియంలో ఉండే హెండ్రిక్. ఇక్కడికి ఏదో చేతివృత్తుల మేళాకు వచ్చి సులోచన సంచులు చూసి పట్టుకున్నాడు. పెట్టెలన్నీ ఓడలో ఆంట్వెర్ప్ రేవుకు వెళ్లేవి. అతను తన గోదాములో విప్పి, రంగులవారీగా సర్ది, సగం అక్కడి దుకాణాలకు పంపేవాడు. మిగతా సగం లండన్‌లో మార్గరెట్ అనే ఆవిడ దుకాణాలకు పోయేవి.

అప్పట్లో బ్రిటన్ కూడా యూరప్ కూటమిలోనే ఉండేది. పెట్టెలు బెల్జియంలో దిగినప్పుడు ఒకసారి సుంకం కడితే, అక్కణ్నుంచి లండన్ వెళ్లడం నాంపల్లిలో ఆటో ఎక్కి అబిడ్స్‌లో దిగడంలాంటిదే. మీటరు దగ్గర తప్ప ఎక్కడా పేచీ లేదు.

తర్వాత బ్రిటన్ ఆ కూటమి నుంచి బయటికి వచ్చేసింది. టీవీలో చూసి సులోచన మా ఆఫీసుకు వచ్చింది.

"అన్నా, వాళ్లు వేరువడ్డరంట గద. మన సంచులకేమన్న అయితదా?"

సేఠ్ పేపర్ మడత విప్పి బల్ల మీద పరిచాడు. "బేఫికర్ ఉండమ్మా. వేరువడ్డరు గని ఒప్పందం చేస్కున్నరు. రెండు దిక్కుల సుంకం లేదు. ఇగో, గీడ రాసుంది."

రాసినమాట నిజమే. ఎవరి సరుకుకు సుంకం లేదన్నారో మాత్రం మేం చదవలేదు. నేను చదవలేదంటే అర్థం ఉంది, నా చదువు మీకు ముందే చెప్పాను. సేఠ్‌కు చదవాలన్న అనుమానమే రాలేదు. హెండ్రిక్ కూడా అదే నమ్మకంలో ఉన్నాడని తర్వాత తెలిసింది.

పెట్టెలు ఎప్పటిలాగే ఆంట్వెర్ప్ చేరాయి. హెండ్రిక్ సుంకం కట్టి విడిపించుకున్నాడు. సగం సంచులు లారీలో లండన్ బయలుదేరాయి. లారీ ఓడెక్కి సముద్రం దాటగానే బ్రిటన్ కస్టమ్స్‌వాళ్లు మళ్లీ సుంకం అడిగారు. మార్గరెట్ తనకు సంబంధం లేదంది. హెండ్రిక్ తాను ఒకసారి కట్టేశానన్నాడు. లారీ వెనక్కి తిరిగింది. తర్వాతి ఆర్డరులో లండన్ వాటా మొత్తం తీసేశాడు హెండ్రిక్.

సంచుల్లో సగం పోయాయంటే మిషన్లలో సగం ఆగినట్టే. మిషనుకో మనిషి.

ఒడిబియ్యం

అప్పటికి మా ఆఫీసులో శ్వేత చేరింది. కామర్స్ చదివిన పిల్ల. మేం ఒప్పందం గురించి వార్త చదివితే, ఆమె ఒప్పందమే తెరిచి చదివేది. లారీ తిరిగొచ్చిందని తెలిసిన రోజు సేఠ్ ఒక ఉపాయం చెప్పాడు.

"మాల్ బెల్జియం నుంచే పోతుంది గద. లండన్ కాయితంల బెల్జియం మాల్ అనే రాయమందాం."

"కుదరదు సార్," అంది శ్వేత. "సున్నా సుంకం వాళ్ల దగ్గర తయారైన సరుకుకే. మనది అక్కడ దిగి ముందుకుపోయే సరుకు. పెట్టెలు విప్పకుండ కస్టమ్స్ తాళం కింద ఉంచితే అక్కడ సుంకం కట్టకుండనే లండన్ పంపొచ్చు. కానీ హెండ్రిక్ అన్నీ విప్పి సర్దుతడు. అసొంటి గోదాం ఆయనకు లేదు."

మధ్యాహ్నం సులోచన మెట్లెక్కి వచ్చింది. "ఏంది సేఠ్, ఒప్పందం అయిందంటిరి, సుంకం లేదంటిరి. మళ్ల గిదేంది?"

సేఠ్ చాయ్ తెప్పించాడు. చెడువార్త చెప్పేముందు ఆయన పద్ధతి అది. శ్వేత ఒప్పందంలోని మాటలన్నీ ఓపిగ్గా చెప్పింది. సులోచన అంతా విని, "బిడ్డా, నువ్వు మంచిగనే చెప్తున్నవ్. నాకే ఎక్కుతలేదు" అంది.

నేను అందుకున్నాను. "చెల్లె, మీ ఇంట్ల ఒడిబియ్యం ఎవరికి పోస్తరు?"

"ఆడివిల్లకు."

"ఏ ఆడివిల్లకు?"

"ఏ ఆడివిల్లకేంది? ఇంట్ల పుట్టిన పిల్లకు. పెండ్లయినంక తల్లిగారింటికి పిలిచి ఒడిల పోస్తరు."

"మరి కోడలు గూడ గా ఇంట్లనే తిని గా ఇంట్లనే పంటది గద. ఆమెకెందుకు పోయరు?"

"ఆమెకు ఆమె తల్లిగారు పోస్తరు. మేమెట్ల పోస్తం? అసలు నీకు పెండ్లయిందా లేదా అన్నా?"

"నాకే గాదు, నీ సంచికి గూడ అయింది. బెల్జియమోళ్లకు ఇచ్చినం. గాడ అది కోడలు. గిప్పుడు బెల్జియం, బ్రిటన్ ఏమనుకున్నయంటె, నీ ఇంట్ల పుట్టిన పిల్ల నా ఇంటికొస్తె మర్యాద జేస్త, నా ఇంట్ల పుట్టిన పిల్ల నీ ఇంటికొస్తె నువ్వు జెయ్యి అనుకున్నయి. మన పిల్ల బెల్జియంల ఎన్ని దినాలున్నా వాళ్ల ఆడివిల్ల గాదు. దాని తల్లిగారిల్లు నాంపల్లి."

సులోచన చాయ్ కప్పు కింద పెట్టింది. "అంటే మొదలు అందరిది ఒకటే ఇల్లు. ఎవరి బిడ్డవని అడిగేటోడే లేకుండె."

"ఔ. ఇప్పుడు నడుమ గోడ వెట్టిన్రు. దర్వాజ కాడ నిలబెట్టి అడుగుతున్నరు."

"మరి మన పిల్లకు గా లండన్ ఇంట్ల మర్యాద జరగాలంటె?"

"మనకూ బ్రిటన్‌కూ నేరుగ ఒప్పందం కావాలి ఆంటీ," అంది శ్వేత. "మాట్లాడుకుంటున్నరంట."

"వాళ్లు మాట్లాడుకునేదాంక నా కాడ పనిచేసే ఆడోళ్లు ఏం దినాలె?"

సేఠ్ ఇంకో చాయ్ చెప్పాడు.

నా పోలికలో తప్పులెన్నున్నాయో సాయంత్రం శ్వేత నాకు విడమరిచి చెప్పింది. ఒప్పుకున్నాను. అయినా ఆ రోజు నుంచి మా ఆఫీసులో సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్‌కు 'తల్లిగారింటి కాయితం' అనే పేరు స్థిరపడింది. సరుకు ఏ దేశంలో పుట్టిందో చెప్పే కాగితం అది. ఇప్పటికీ కొత్తగా వచ్చేవాళ్లకు శ్వేత ఆ పేరుతోనే పరిచయం చేస్తుందట, నాకు పైసా ఇవ్వకుండా.

హెండ్రిక్‌కు ఫోన్

మిగిలిన దారి ఒక్కటే, లండన్ సంచులు ఇక్కణ్నుంచి నేరుగా లండన్‌కు పంపడం. అక్కడ సుంకం తప్పదు, కానీ ఒక్కసారే కట్టొచ్చు. మార్గరెట్ చిరునామా మా దగ్గర ఉంది. ఇంక హెండ్రిక్‌తో పనేముంది అన్నాడు సేఠ్. వ్యాపారం తెలిసిన ఎవరైనా అదే అంటారు.

సులోచన ఒప్పుకోలేదు. "గామెను సూపిచ్చింది ఆయనే. ఆయనకు చెప్పి చేస్త. ఎనకమాటుగ చెయ్య."

"ఆయన వద్దంటె?"

"వద్దంటె అప్పుడు కొట్లాడ్త. ఎనకమాటుగ అయితె కొట్లాడనీకె గూడ మొఖముండదు."

ఫోన్ చేశాం. శ్వేత మాట్లాడాల్సింది, కానీ హెండ్రిక్‌తో పాత పరిచయం నాకే ఉందని నేను ముందుకు దూకాను.

"మిస్టర్ హెండ్రిక్! లండన్ బ్యాగ్, గో డైరెక్ట్. యూ నో యాంగ్రీ?"

శ్వేత రెండు చేతులతో మొహం కప్పుకుంది. అవతల నుంచి నవ్వు వినిపించింది. "నో యాంగ్రీ, నర్సింగ్. లిటిల్ సాడ్."

అక్కడితో ఫోన్ శ్వేత లాక్కుంది. హెండ్రిక్ చాలాసేపు మాట్లాడాడు. రంగులు, నమూనాలు ఎంచి పెట్టే పని తనే చేస్తానని, దానికి కొంత ఇస్తే చాలని అన్నాడు. లండన్ సరుకు ఆగిపోయాక గోదాములో సగభాగం వదిలేశాడట. ఏళ్ల తరబడి పెట్టెలు సర్దిన ఇద్దరు మనుషులను పంపించేయాల్సి వచ్చిందట.

అప్పటిదాకా ఈ గోడ వల్ల నష్టం మన నాంపల్లికే అనుకున్నాను. కట్టిన గోడ ఎవరెవరి మీద పడుతుందో కట్టినవాళ్లకు కూడా పూర్తిగా తెలియదని ఆ ఫోన్‌లో అర్థమైంది. ఒక దేశం కూటమిలోంచి వెళ్లిపోయింది. అలా వెళ్లడం తప్పా ఒప్పా అన్నది వాళ్ల ఇష్టం, వాళ్ల ఓటు. కానీ ఆంట్వెర్ప్‌లో పెట్టెలు మోసే ఇద్దరికీ, నాంపల్లిలో సంచులు కుట్టే ఆడవాళ్లకూ అందులో ఓటు లేదు.

నేరుగా పంపడం మొదలైంది గానీ పని పుంజుకోలేదు. ఒక పెద్ద లోడు రెండు చిన్న లోడ్లయితే రవాణా ఖర్చు పెరుగుతుంది. దానికి తోడు, మన పక్క దేశాల సంచులు తనకు సుంకం లేకుండా వస్తున్నాయని మార్గరెట్ ప్రతిసారీ గుర్తు చేసేది. ఆర్డర్లు పండగ సీజనుకు మాత్రమే పరిమితమయ్యాయి. హాల్లో కొన్ని మిషన్ల మీద పాత చీరలు కప్పి ఉండేవి. సులోచన వాటిని అమ్మలేదు. ఎందుకు ఉంచావని అడిగితే, "కుట్టేటోళ్లు వేరే పని దొర్కక ఇంకా వచ్చి అడుగుతున్నరు. మిషన్ అమ్మితె వాళ్లకు లేదని చెప్పినట్టే గద" అంది.

అస్తరు

చాలా కాలం నలిగి నలిగి చివరికి మనకూ బ్రిటన్‌కూ ఒప్పందం కుదిరింది. అబిడ్స్‌లో మా మేడ మీద ఉన్న ఆఫీసులన్నిట్లో మిఠాయి పంచారు. సేఠ్ ఈసారి పేపర్ విప్పకుండానే శ్వేత చేతికి ఇచ్చాడు. "నువ్వు సదివి చెప్పు బేటీ. నేను మళ్ల నమ్మ."

శ్వేత రెండు రోజులు చదివింది. అది అమల్లోకి వస్తే మన బట్ట సరుకుకు అక్కడ సుంకం పోతుంది. అయితే సంచి ఇక్కడే పుట్టిందని చూపించాలి. ఒక్కో వస్తువుకు ఒక్కో నియమం. లోపల బయటిదేశపు సరుకు ఎంతవరకు ఉండొచ్చో దానికో హద్దు.

"అండ్ల ఏముంది? కుట్టేది నాంపల్లిల," అన్నాను.

"కుట్టడం ఒక్కటే చూడరంకుల్. పోయి సంచి తిప్పి చూద్దాం పాండి," అంది.

నాంపల్లి వెళ్లాం. శ్వేత ఒక సంచి తీసుకుని లోపలి భాగం బయటికి తిప్పింది. పైబట్ట నల్గొండ మగ్గానిది. పట్టీ మన నూలుదే. లోపలి అస్తరు మాత్రం జారుడు గుడ్డ, నిగనిగలాడుతోంది. బేగం బజార్‌లో తానుల లెక్కన కొంటున్నానంది సులోచన. ఆ గుడ్డ, లోపలి స్పాంజి, జిప్పు అన్నీ బయటి దేశానివే. మూడూ కలిస్తే హద్దు దాటేలా ఉందని శ్వేత చెప్పింది.

సులోచన మొహం వాడిపోయింది. సంచి మీద ఉన్న ఇక్కత్ పువ్వును బొటనవేలితో రుద్దుతూ, "పైకంత మనదే. కనవడని తాన పరాయిదాయె" అంది.

మార్గరెట్ అప్పటికే కబురు పంపింది. ఒప్పందం అమలయ్యే నాటికి తల్లిగారింటి కాయితంతో పంపగలిగితే పెద్ద ఆర్డరు ఇస్తానని, లేకపోతే పక్క దేశంలోనే కొంటానని. చీరలు కప్పిన మిషన్లు మళ్లీ నడవడమా, హాలే ఖాళీ చేయడమా అన్నది ఇప్పుడు ఆ అస్తరు మీద ఆగింది.

బేగం బజార్‌లో ఆ గుడ్డ అమ్మే ఆయన దగ్గరికి సులోచనా నేనూ వెళ్లాం. ఇది ఎక్కడిదో బిల్లు కావాలని అడిగాం.

"ఎక్కడిది కావాలె అక్కా?" అన్నాడాయన, పెన్ను తీసి. "సూరత్ అని రాయాల్నా, భీవండి అని రాయాల్నా? మీరేదంటె గదే."

"నాంపల్లి ప్లాట్‌ఫారం మీద పుట్టిందని రాయి అన్నా, దగ్గరయితది," అన్నాను.

ఆయన నిజంగానే ఆలోచనలో పడ్డాడు.

బయటికొచ్చాక సులోచన జనం మధ్యలో ఆగిపోయింది. "రాయించుకుందామా అన్నా? మస్తుమంది గట్లనే చేస్తున్నరంట."

ఇక్కడ కొత్తగా వచ్చే పిల్లలకు ఒక మాట. ఇలాంటి ప్రశ్న మిమ్మల్ని దొంగలు అడగరు. అలవికాని చోట నిలబడ్డ మంచి మనుషులు అడుగుతారు. నీతి చెబితే వాళ్లకు పనికిరాదు. జరిగేదేమిటో చెప్పాలి.

"చెల్లె, లండన్ కస్టమ్సోళ్లు సరుకు దిగినంక గూడ ఎప్పుడన్న అడగొచ్చు. గీ గుడ్డ ఏ మిల్లుదో సూపియ్యి అంటరు. అప్పుడు గాడ నిలబడేది మార్గరెట్. వదిలేసిన సుంకమంత ఆమె మెడకు సుట్టుకుంటది, పైన జరిమానా. ఆమె నిన్ను తిట్టది. నీకు మళ్ల ఫోన్ గూడ చెయ్యది."

ఇద్దరం నడిచి ఒక చాయ్ దుకాణం దాకా వచ్చాం. అక్కడ నిలబడి, ఊళ్లో మగ్గం నేసే బావకు ఫోన్ చేసింది. "బావా, సాదా నూలు గుడ్డ, పలచగ, ఎంత నేస్తరు మనోళ్లు? ఊదా రంగు. ఔ, అస్తరుకే. ఏ, నవ్వకు, నేతగుడ్డ అస్తరుకేస్తవా అని. అవసరం గట్లున్నది."

అనుకున్నంత సులువుగా జరగలేదు. మొదట కుట్టిన సంచులు తడి తగలగానే లోపలి గుడ్డ కుంచించుకుపోయి, ముడతలు పడి మూలుగుతున్నట్టు తయారయ్యాయి. తర్వాత గుడ్డను ముందే ఉడికించి, మిద్దె మీద ఆరేసి, ఆ తర్వాత కత్తిరించడం మొదలుపెట్టారు. కుట్టుపనికి వచ్చి చాకిరేవు నడుపుతున్నామని ఆడవాళ్లు గొణిగారు. స్పాంజి బదులు దూది పొర వేశారు. జిప్పు ఒక్కటే బయటిది మిగిలింది. అది హద్దులోపే ఉంటుందని శ్వేత లెక్క చూసి చెప్పింది.

నమూనా చూసి మార్గరెట్ జవాబు రాసింది. పాత అస్తరు ఆరు నెలలకే చిరిగిపోతోందని ఆమె గిరాకీలు ఎప్పటి నుంచో అంటున్నారట. చవకగా వస్తోంది కదా అని ఆమె మాకు చెప్పలేదట.

సుంకం పోతే మిగిలేది ఎవరికి

ఒక పొద్దున సులోచన ఆఫీసుకు వచ్చి కూర్చుంది. "అన్నా, సుంకం పోతె గా మిగిలిన పైసలు మనకెట్లొస్తయ్?"

"మనకు రావు చెల్లె. సుంకం కట్టేది గాడ కొనేటామె. మిగిలేది ఆమెకే."

"అంటె అస్తరు మార్సేది నేను. గుడ్డ ఉడకవెట్టేది నేను. తల్లిగారింటి కాయితం తీసేది నేను. మిగిలేది ఆమెకా?"

"ఔ."

"గిది మీకు తప్పనిపిస్తలేదా?"

సేఠ్, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఒప్పందం కుదిరితే ఎగుమతిదారులకు లాభం అని పేపర్లో వస్తుంది, మేం తలూపుతాం. నిజానికి ఆ లాభం ముందు కొనేవాడి జేబులో పడుతుంది. అడిగి తెచ్చుకునేవాడికి కొంత వస్తుంది. పెద్ద ఫ్యాక్టరీలకు అడిగే బలం ఉంటుంది. చిన్నవాళ్లకు ఆర్డరు వస్తే చాలన్న భయం ఉంటుంది. మేం కూడా ఆ భయాన్నే సలహాగా ఇచ్చాం.

"ఇప్పుడేం అడగకమ్మా," అన్నాడు సేఠ్. "ఆర్డర్ రానీ. అడిగితె చేతికొచ్చింది పోతది."

నేనూ అదే అన్నాను. శ్వేత మాత్రం మార్గరెట్‌కు ఫోన్ కలిపి సులోచన ముందు పెట్టింది.

సులోచన ధర పెంచమనలేదు. తాను చెప్పింది శ్వేతతో ఉన్నదున్నట్టు చెప్పించింది: "సుంకం పోతె నీకు మిగుల్తది, సంతోషం. నాకు రేటు వద్దు. పండుగకు ఒక్కపారి ఇచ్చే ఆర్డర్ ఏడాదంత పంచి ఇయ్యి. నా కాడ పనిచేసేటోళ్లు నాలుగు నెలలు కుట్టి ఎనిమిది నెలలు కూసోవద్దు. కొత్త అస్తరుకు ఎక్కువయ్యే ఖర్సు నువ్వు వెట్టుకో."

మార్గరెట్ ఆలోచించి చెబుతానంది. వారం దాటినా జవాబు రాలేదు. సులోచన రోజూ ఫోన్ చేసి "వచ్చిందా?" అని అడిగేది, రాలేదంటే పెట్టేసేది. నేను చేతికొచ్చింది పోయిందనే అనుకున్నాను. సేఠ్ అయితే ఎదురుగా ఎవరూ లేకపోయినా "నేను చెప్పిన" అంటూ తిరిగాడు.

జవాబు వచ్చింది. ఒప్పందం అమలైన నాటి నుంచి ఏడాది పొడుగునా, నెలనెలా ఇంత అని ఆర్డరు ఇస్తుంది. అస్తరు ఖర్చులో సగం భరిస్తుంది, మిగతా సగం సులోచనదే. ఏడాది తర్వాత మళ్లీ మాట్లాడుకోవాలి. అడిగినదంతా రాలేదు. వచ్చినదానితో మిషన్ల మీది చీరలు తీసేశారు.

అందరికీ ఇలా జరగలేదు. అదే వీధిలో ఇంకో ఇద్దరు, గుడ్డ ఎక్కడిదో చూపించలేక షాపులు మూసుకున్నారు. వాళ్ల పని సులోచన పనికన్నా తీసిపోయిందేమీ కాదు. వాళ్ల పక్కన కూర్చుని సంచి తిప్పి చూసే శ్వేత లేదు, అంతే. ఒక దేశం పెద్ద కూటమిని వదిలి ఒక్కొక్క దేశంతో విడివిడిగా ఒప్పందాలు చేసుకుంటే, ప్రతి ఒప్పందానికీ ఒక కొత్త కాగితం, ఒక కొత్త నియమం పుడతాయి. పెద్దవాళ్లు వాటి కోసం మనుషులను పెట్టుకుంటారు. చిన్నవాళ్లకు ఆ మనిషి మీరే కావాలి. సుంకం లేదు అనే మాట ఎక్కడ వినబడినా, ఎవరి సరుకుకు లేదో, మిగిలేది ఎవరికో అడగండి. ఈ రెండో ప్రశ్న అడగడం నేను రిటైరయ్యే ముందు నేర్చుకున్నాను. మీరు చేరిన మొదటి వారమే నేర్చుకోండి.

రిటైరయ్యాక ఒకరోజు నాంపల్లి వైపు పని పడి, ఆ హాల్లోకి తొంగి చూశాను. మిషన్లన్నీ నడుస్తున్నాయి. మాట వినబడాలంటే అరవాలి. నన్ను చూసి సులోచన స్టూలు జరిపింది. కూర్చున్నాక నాకు నోరు ఊరుకోదు కదా.

"చెల్లె, ఢిల్లీల పెద్దోళ్లు సంతకాలు వెట్టిన్రు. లండన్‌ల పెద్దోళ్లు సంతకాలు వెట్టిన్రు. శ్వేత కండ్లు పోయేటట్టు సదివింది. సేఠ్ సంతకం వెట్టిండు. నేను కాళ్లు నొయ్యంగ తిరిగిన. గింతమందిమి కష్టవడితిమి. గీ మొత్తంల నువ్వు చేసిందేందో జర చెప్పరాదు?"

మిషన్లు ఒకటొకటిగా ఆగాయి. అందరూ ఆమె వైపు చూస్తున్నారు. సులోచన చేతిలోని దారం పంటితో తెంపి, తల ఎత్తకుండానే అంది:

"సంచి కుట్టిన అన్నా. అది లేకుంటె మీరందరు గలిసి దేని మీద సంతకాలు వెడుతుండిరి?"